పోపుల డబ్బా లెక్క ఎవరు చెప్పాలి?

మొన్నామధ్య ఒక ఆదివారం. గ్రైండర్‌లో దోసెల పిండి తిరుగుతోంది. మావారు డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని టకటకా ఏదో నింపుతున్నారు. ఏంటండీ అంటే, "ఏదో ఇన్‌కమ్ సర్వేట. ఉత్తరంలో కోడ్ పంపారు, పది నిమిషాల పని" అన్నారు. నిజంగానే పది నిమిషాల్లో అయిపోయింది. చేతులు తుడుచుకుంటూ వెళ్ళి ఆయన భుజం మీదుగా స్క్రీన్ వైపు చూశాను. పంపించే ముందు అన్నీ ఒకసారి సరిచూసుకోండి అని చూపిస్తారే, ఆ పేజీ ఉంది. మావారి పేరు కింద జీతం, బోనస్, బ్యాంకు వడ్డీ, అన్నీ సెంట్లతో సహా ఉన్నాయి. నా పేరు కింద రెండే ముక్కలు. పని లేదు. ఆదాయం సున్నా.

"మరి నా అరిసెల డబ్బులో?" అనేలోపే సబ్మిట్ నొక్కేశారు.

"అది కూడా ఆదాయమేనా?" అన్నారు. వెటకారంగా కాదండోయ్, నిజంగానే తెలీక అడిగారు.

అందుకే నాకు మావారి మీద కోపం లేదు. ఆయన అబద్ధం రాయలేదు, తనకి తోచింది రాశారు. నా గొడవంతా ఆ పద్ధతితో. ఇంటికి ఒకే ఒక్క కోడ్ పంపి, ఎవరు ముందు తెరిస్తే వాళ్ళే ఇంటిల్లిపాదికీ జవాబు చెప్పెయ్యండి అంటే, ఆ తెరిచేది ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కరెంటు బిల్లు, టాక్స్ కాగితాలు, బ్యాంకు పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉంటాయో వాళ్ళే.

ఎందుకింత ఉడుక్కుంటున్నానో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

2023 డిసెంబరులో డల్లాస్ దగ్గర మా ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. మీ ఇల్లు కరెంట్ పాపులేషన్ సర్వేకి ఎంపికైంది అని. ఇది అమెరికా సెన్సస్ బ్యూరో వాళ్ళు కార్మిక గణాంకాల శాఖ కోసం నెలనెలా చేసే సర్వే. 1940 నుంచీ ఉంది. నెలకి దాదాపు 60,000 ఇళ్ళు ఎంచుకుంటారు. ఒక్కో ఇంటిని వరసగా నాలుగు నెలలు అడిగి, ఎనిమిది నెలలు వదిలేసి, మళ్ళీ నాలుగు నెలలు అడుగుతారు. టీవీలో నిరుద్యోగం ఇంత శాతం అని చెప్తారే, అది ఇందులోంచి వచ్చేదే. పైగా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో కిందటేడాది మొత్తం ఆదాయం ఎంత అని కూడా విడిగా అడుగుతారు. ఈ దేశంలో ఎంతమంది పేదవాళ్ళు అన్న అధికారిక లెక్క ఏటా సెప్టెంబరులో వచ్చేది ఆ జవాబుల్లోంచే.

మొదటిసారి ఒక పెద్దావిడ మెడలో గుర్తింపు కార్డుతో ఇంటికొచ్చింది. తర్వాత నెలల్లో ఫోనే. పగటిపూట ఫోన్ చేస్తే ఇంట్లో ఉండేది ఎవరు? నేనే. పదిహేనేళ్ళు దాటి, ఇంటి సంగతులు తెలిసినవాళ్ళు ఎవరైనా ఇంట్లో అందరి గురించీ చెప్పచ్చట. అలా మా ఇంటి తరఫున జవాబులు చెప్పే పని నాకు పడింది.

జనవరిలో ఫోన్ వచ్చేసరికి సంక్రాంతి హడావిడి అప్పుడే అయింది. గ్రీన్ కార్డు వచ్చాక నేను పండగలకి అరిసెలు, సున్నుండలు, కారప్పూస చేసి తెలిసినవాళ్ళకి అమ్ముతున్నాను. ఆ పండగ ముందు వారమంతా పాకం పట్టడం, నూనె పొయ్యి, అరిసెల చెక్కలు, ఇదే నా లోకం. ఇక్కడో తమాషా ఉంది. ఈ సర్వేలో "కిందటి వారం" అంటే మామూలుగా ఆ నెల 12వ తారీకు ఉన్న వారం. జనవరిలో అదేంటో లెక్కేసుకోండి. సరిగ్గా అరిసెల వారం!

ఆవిడ అడిగింది, "ఇంట్లో ఎవరికైనా వ్యాపారం కానీ వ్యవసాయం కానీ ఉందా?" నేను ఆలోచించకుండా లేదు అన్నాను. తర్వాత నా గురించి అడిగింది, "కిందటి వారం మీరు డబ్బు కోసం ఏదైనా పని చేశారా?" దానికీ లేదనబోయి ఆగాను. ఆ "ఏదైనా" అన్న మాటని ఆవిడ కాస్త ఒత్తి పలికింది. అవతల ఆవిడ ఏమీ అనలేదు. తొందరపెట్టలేదు. నేను నసుగుతూ, "స్వీట్లు చేసి అమ్మాను, డబ్బులు తీసుకున్నాను, అది పని కిందికి వస్తుందా?" అన్నాను. ఆవిడ వస్తుందనీ అనలేదు, రాదనీ అనలేదు. అదే ప్రశ్న అదే గొంతుతో ఇంకోసారి చదివింది. ఈసారి నేను, "అవును. చేశాను" అన్నాను.

ఎన్ని గంటలు అంది. వేళ్ళు మడిచి లెక్కేసుకుంటే 38 గంటలు తేలింది. నాకే కళ్ళు తిరిగాయి.

మార్చిలో కిందటేడాది ఆదాయం అడిగినప్పుడు కూడా అంతే. పదుల రకాల డబ్బుల గురించి ఒక్కొక్కటే అడుగుతారు. వడ్డీలు, అద్దెలు, బయటివాళ్ళు ఇచ్చే సాయం, ఒకటి కాదు. వారానికా, నెలకా, ఏడాదికా, ఎలా చెప్తే మీకు సులువు అని కూడా అడిగారు. నాకు ఇవేవీ సులువు కాదు. నా ఏడాది పండగల్లో ఉంటుంది. ఒక్క నిమిషం ఆగమని, పోపుల డబ్బా వెనకాల పెట్టుకునే చిన్న నోటు పుస్తకం తెచ్చి, ఉగాదికి ఇంత, వినాయక చవితికి ఇంత, దసరా దీపావళికి ఇంత, బెల్లం నెయ్యి ఖర్చులు పోను ఇంత అని కూడాను. 2,840 డాలర్లు. ఆవిడ ఆగింది, రాసుకుంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నా సంపాదన ఎంతో నన్నే అడిగి, నేను చెప్పింది రాసుకున్న మొదటి మనిషి ఆవిడ.

ఇప్పుడు ఈ సర్వేలోనే వెబ్ ఫారం కూడా పెట్టడానికి సన్నాహాలు చేస్తున్నారు. మీ అంతట మీరే ఆన్‌లైన్‌లో నింపెయ్యచ్చు అని. చదవగానే అందరూ హమ్మయ్య అంటారు. నాకు మాత్రం ఆ ఆదివారం చూసిన సున్నా కళ్ళముందు కదిలింది.

వాళ్ళ బాధ నాకు తెలీక కాదు. పదేళ్ళ కిందట నూటికి తొంభై ఇళ్ళ దాకా ఈ సర్వేకి జవాబిచ్చేవి. ఇప్పుడది డెబ్భై అటూ ఇటూకి పడిపోయింది. తెలీని నంబరు అయితే మనమెవరం ఫోన్ ఎత్తుతున్నాం చెప్పండి? నేనైనా మొదట ఆవిడ ఇంటికొచ్చి మొహం చూపించబట్టి ఎత్తాను. మనుషుల్ని పెట్టి ఫోన్లు చేయించడానికి ఖర్చూ ఎక్కువే. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఖర్చు తగ్గించే ముందు, ఆ ఫోన్ మనకి ఏం చేసిపెడుతోందో చూసుకోవాలా వద్దా?

ఫోన్ అంటే ఒక ప్రశ్న, ఒక గొంతు, మధ్యలో కాస్త నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే నాకు అరిసెలు గుర్తొచ్చాయి. స్క్రీన్‌కి ఆ ఓపిక లేదు. "నెక్స్ట్" నొక్కితే వెళ్ళిపోతుంది. అందులోనూ నింపేది నేను కాదు, సోమవారం మీటింగు గురించి ఆలోచిస్తున్న ఇంకో మనిషి.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇలాంటి సర్వేల్లో ఎవరైనా ఆదాయం చెప్పకుండా ఖాళీ వదిలేస్తే, అన్నివిధాలా అలాంటి ఇల్లే ఇంకోటి చూసి, అక్కడి అంకెతో ఆ ఖాళీ పూరిస్తారు. అంటే ఖాళీకి ఒక దిక్కుంది. సున్నాకి లేదు. సున్నా అంటే జవాబు చెప్పినట్టే లెక్క. ఎవరూ తిరిగి అడగరు, ఎవరూ అనుమానపడరు. మావారు ఆ గడి ఖాళీగా వదిలేసినా నాకు కాస్త న్యాయం జరిగేదేమో. ఆయన శ్రద్ధగా సున్నా వేసిపెట్టారు!

"పోనీలే, నీ 2,840 డాలర్లు లేకపోతే దేశం లెక్క తప్పుతుందా" అంటారా? నాది పోనివ్వండి. మా వీధిలోనే నాకు తెలిసి ఒకావిడ బ్లౌజులు కుడుతుంది, ఒకావిడ ఇద్దరు పిల్లల్ని చూసుకుంటుంది, ఒకమ్మాయి శనివారాలు సంగీతం చెప్తుంది. మా ఇళ్ళు ఈ డబ్బుల్లేకపోయినా గడుస్తాయి. కానీ ఈ సర్వే నుంచే కదా పేదవాళ్ళెంతమందో లెక్క తేలేది. అక్కడ ఆడవాళ్ళ చిల్లర సంపాదనే ఆ ఇంటి బియ్యం. ఆ డబ్బు కాగితం మీదకి రాకపోతే, ఆ ఇల్లు ఎలా నిలబడిందో, ఆ మనిషి మంచాన పడిన నెల ఎందుకు కూలిపోయిందో ఏ అంకే చెప్పదు.

ఆడవాళ్ళ పనిని లెక్కలోంచి జారవిడవడం వీళ్ళకి కొత్త కూడా కాదు. ఇదే సర్వేలో 1994 వరకూ మొదటి ప్రశ్న, "కిందటి వారం ఎక్కువ భాగం ఏం చేశారు?" అని. దాన్ని ఎదుటి మనిషిని బట్టి మార్చి అడిగేవారు. మగవాడైతే పని చేశారా లేక ఇంకేమైనానా అని, ఇల్లాలిలా కనిపిస్తే ఇల్లు చూసుకున్నారా లేక ఇంకేమైనానా అని. ఇల్లు చూసుకున్నారా అని అడిగితే ఎవరం కాదంటాం? అవునంటాం. దాంతో ఆ పక్కన చేసిన పని కాస్తా మరుగున పడేది. ఇలా అయితే ఆడవాళ్ళ పని సరిగ్గా నమోదు కావట్లేదని 1994లో ప్రశ్నలన్నీ తిరగరాశారు. నన్నడిగిన ఆ "ఏదైనా" అన్న మాట అలా తిరగరాసిన ప్రశ్నలోది. ఇంకా ముందు, 1980 దాకా, భార్యాభర్తలున్న ఇంట్లో ఇంటి యజమాని అంటే భర్తే అని రాసేసుకునేవారు. అడిగేదేం లేదు.

ఇంత కష్టపడి ఒక ముప్ఫై నలభై ఏళ్ళలో సరిదిద్దుకున్నదాన్ని, ఇప్పుడు ఒక్క కోడ్‌తో మళ్ళీ మొదటికి తెస్తారా? ఈసారి "ఇంటి యజమాని" అన్న మాట ఫారంలో ఎక్కడా ఉండదు. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటే వాళ్ళే యజమాని, అంతే తేడా.

భాష సంగతి ఒకటుంది. 2020 జనగణనకి ఆన్‌లైన్ ఫారం ఇంగ్లీషుతో పాటు మరో పన్నెండు భాషల్లో పెట్టారు. అందులో మన దేశపు భాష ఒక్కటీ లేదు. తెలుగులో ఎలా నింపాలో చెప్పే గైడ్ మాత్రం ఇచ్చారు. సంతోషమే. కానీ గైడ్ ఒకచోట, ఫారం ఇంకోచోట పెట్టుకుని మా అత్తగారిలాంటివాళ్ళు నింపుతారా? "ఒరేయ్, నువ్వే ఏదో ఒకటి రాసెయ్యరా" అని కొడుక్కి ఇచ్చేస్తారు. ఫోన్లో అయితే అర్థం కానప్పుడు ఇంకోసారి చెప్పమనచ్చు. నేను అదే చేశాను.

ఇది రాస్తున్నానని చెప్తే మా స్నేహబృందంలో ఒక చెల్లెలు నాతో గట్టిగా వాదించింది. "అక్కా, మీ ఇంట్లో మీరు హాల్లో కూర్చుని ఫోన్లో డబ్బుల సంగతి మాట్లాడగలరు. మా ఇంట్లో నేను మాట్లాడగలనా? మా అత్తగారు పక్కనే ఉంటారు. నేను ట్యూషన్ డబ్బుల్లోంచి మా అమ్మకి పంపేది ఎవరికీ తెలీదు. నాకైతే ఫోనులో నొక్కుకునే ఫారమే నయం" అంది. నాకు నోట మాట రాలేదు. నిజమే కదా. గొంతెత్తి చెప్పలేనివి వేలితో చెప్పగలిగినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

కానీ ఆ అమ్మాయికి కావాల్సింది వెబ్ ఫారం కాదు, తన వెబ్ ఫారం. ఇంటికొక కోడ్ పంపితే ఆ అమ్మాయి ట్యూషన్ డబ్బులు కూడా వాళ్ళాయన వేసే సున్నాలోకే పోతాయి, లేదా ఆయన కళ్ళ ముందు బయటపడతాయి. రెండూ ప్రమాదమే. కాబట్టి నేను వెబ్ వద్దే వద్దు అనట్లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎంతమంది ఉంటే అన్ని కోడ్‌లు పంపండి, ఒకరు రాసింది ఇంకొకరికి కనబడకుండా చెయ్యండి అంటున్నాను. పక్కవాళ్ళ తరఫున ఎవరైనా సున్నా వేస్తే, "ఈ మాట ఆవిడనే అడగచ్చా?" అని ఒక్క ప్రశ్న పెట్టండి. ఏదైనా పని చేశారా అని ఊరికే వదిలెయ్యకుండా, వంటలు చేసి అమ్మడం, కుట్టుపని, పిల్లల్ని చూడటం, పాఠాలు చెప్పడం అని నాలుగు ఉదాహరణలు ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం, ఫోన్ తీసెయ్యకండి. ఆన్‌లైన్ వచ్చిందని ఫోన్ మూసెయ్యడం ఇక్కడ ఇదివరకు జరిగింది. అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో 2013లో వెబ్ ఫారం వచ్చింది, 2017లో జవాబివ్వని ఇళ్ళకి ఫోన్ చేసి అడిగే పద్ధతి ఆపేశారు. ముందు "ఇది కూడా" అంటారు, తర్వాత "ఇదే" అంటారు.

ఇదంతా అమెరికా గొడవ, మాకెందుకు అనుకుంటున్నారా? హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళు కూడా కాస్త వినండి. మన దేశంలో ఇళ్ళ ఆదాయం మీద పూర్తి స్థాయి సర్వే 2026లో చేపడతామని కేంద్ర గణాంక శాఖ ప్రకటించింది. 2025లో ముందుగా కొన్ని ఇళ్ళలో అడిగి చూస్తే, ఎక్కువమంది ఇవి బయటికి చెప్పే సంగతులు కావు అన్నారట. కలిగినవాళ్ళ ఇళ్ళలో, గేటెడ్ కమ్యూనిటీల్లో వాళ్ళనే నింపుకోనిద్దాం అన్న ఆలోచన కూడా అప్పుడు వచ్చింది. 2027 జనగణనలో ఆన్‌లైన్‌లో ఎవరికి వారే నింపుకునే వీలు ఎటూ ఉంది. అక్కడ ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుందో నేను చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఆదాయం అడగడం కొత్త కూడా కాదు. 1964–65లోనూ, 1969–70లోనూ నేషనల్ శాంపిల్ సర్వేలో ఖర్చుతో పాటు ఆదాయం కూడా అడిగి చూశారు. ఇళ్ళవాళ్ళు చెప్పిన ఆదాయం, వాళ్ళు పెట్టిన ఖర్చూ దాచుకున్నదీ కలిపితే వచ్చేదాని కన్నా తక్కువ తేలింది. లెక్క కుదరట్లేదని పక్కన పెట్టేశారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పెద్ద పెద్ద గణాంకవేత్తలకి అందని ఆ మిగతా డబ్బులో కాస్త ఎక్కడుందో మా అమ్మమ్మని అడిగితే చెప్పేది. గేదె పాలు, కోడిగుడ్లు, విస్తళ్ళు కుట్టిన డబ్బులు, అన్నీ పోపుల డబ్బాలో. తాతయ్యకి తెలీదు. తాతయ్యని అడిగి ఇంటి ఆదాయం రాసుకుంటే అది ఎలా వస్తుంది?

అయినా ఒక్క మాట. తప్పంతా ఫారానిదే అని చేతులు దులుపుకోవడానికి లేదు. ఫోన్లో మొదటిసారి "వ్యాపారం ఉందా" అంటే లేదన్నది మావారు కాదు, నేనే. "నువ్వేం చేస్తుంటావ్" అని ఎవరడిగినా "ఏం లేదండీ, ఇంట్లోనే" అని నవ్వేసేదీ నేనే. పద్దెనిమిదేళ్ళుగా నా నోటితో నేను చెప్పిన సున్నానే మావారు ఆ ఆదివారం టైపు చేశారు. ఆ రాత్రి దోసెలు తింటూ ఆయనకి ఇదంతా చెప్పాను. నోటు పుస్తకం తెచ్చి చూపించాను. పేజీలు తిప్పి తిప్పి, "ఇంత చేస్తున్నావా?" అన్నారు. పక్కనే ఉండి ఇన్నేళ్ళు అరిసెలు తిన్న మనిషి!

ఆ పంపేసిన సున్నాని ఇక మార్చలేను. కానీ ఈసారి అలాంటి కవరు వస్తే ముందు నేను చింపుతాను. ఆ కోడ్ ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద పెడతాను. ఆయన గడులు ఆయన నింపుతారు, నా గడులు నేను నింపుతాను.

మీరు కూడా ఇవాళ భోజనాల దగ్గర ఒకసారి అడిగి చూడండి. మొన్న ఎప్పుడో నింపిన ఫారంలో నా పేరు ఎదురుగా ఏం రాశారండీ, అని. ఏం చెప్పారో కింద రాయండి, చూద్దాం ఎన్ని సున్నాలు తేలతాయో.